చప్పట్ల పెట్టె

"ఎర్ర బటన్ నొక్కితే చప్పట్లు, పచ్చది నొక్కితే కేకలు. అంతే గుమాస్తా గారూ, మీరు రోజూ కొట్టే టైపు కన్నా తేలిక," అన్నాడు కోచ్.

గుమాస్తా కళ్లద్దాలు సర్దుకుని బల్ల మీది పెట్టెకేసి అనుమానంగా చూశాడు.

"ఎప్పుడు నొక్కాలి?"

"మనవాళ్లు బాగా ఆడినప్పుడు."

"బాగా ఆడుతున్నారని నాకెలా తెలుస్తుంది సార్? బుద్ధెరిగాక నేను ఫుట్‌బాల్ చూసిన పాపాన పోలేదు."

"నీలం చొక్కాలు మనవి. బంతి వాళ్ల దగ్గరుంటే ఏదో ఒకటి నొక్కండి."

గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మాయి కిసుక్కున నవ్వింది. జట్టులో అందరూ ఆమెను బెంచీ అంటారు. గోల్‌కీపర్‌కు ఏమైనా అయితే దిగడానికని రెండేళ్లుగా బెంచీ మీదే కూర్చుంది కనుక ఆ పేరు. ఒక్కసారైనా దిగింది లేదు. రేపు మాత్రం గోల్‌లో నిలబడాల్సింది తనే.

ఆ ఏడాది మాయదారి జబ్బు వచ్చి కాలేజీల ఆటలన్నిటినీ తలకిందులు చేసింది. వానలు వెలిశాక జరగాల్సిన మ్యాచ్‌లు ఎండాకాలంలోకి జరిగాయి. ఆరు కాస్తా మూడయ్యాయి. చివరికి ఒక్కటి ఓడినా ఇంటికే అన్నారు. పాత షెడ్యూలు మీద కొత్తది అంటించీ అంటించీ నోటీసు బోర్డు మీది కాగితం అట్టంత మందమైంది. చూసేవాళ్లనెవరినీ మైదానంలోకి రానివ్వకూడదన్నారు. ఆ నిశ్శబ్దంలో పిల్లలు బిక్కచచ్చిపోతున్నారని కోచ్ ఈ పెట్టె తెచ్చాడు. దాని హారన్‌ను మైదానం పక్కనున్న క్వారంటైన్ హాస్టల్ ప్రహరీకి కట్టించాడు.

ఆ హాస్టల్లోనే బెంచీ వాళ్లక్క ఉంది. జట్టుకు కెప్టెన్. జబ్బు సోకిన ఆరుగురు ఆటగాళ్లలో ఆమె ఒకతె, అసలు గోల్‌కీపర్ ఇంకొకతె. మిగిలింది సరిగ్గా పదకొండు మంది.

ఆ సాయంత్రం బెంచీ ఫోన్ చేసింది.

"తిన్నావా అక్కా?"

"తినకేం చేస్తాను? ఆరుగురం గోడలు చూస్తూ కూర్చున్నాం. ఎవరికీ నోరు విప్పబుద్ధి కావడం లేదు."

"రేపు గెలిస్తే తర్వాతి మ్యాచ్ పన్నెండు రోజులకి. అప్పటికి మీరంతా బయటికొచ్చేస్తారు."

"ఓడితే?"

ఓడితే సీజన్ అయిపోయినట్టే. అక్కది ఆఖరి సంవత్సరం. మళ్లీ ఈ నీలం చొక్కా వేసుకునేది ఉండదు.

"నువ్వు ఆడి తీరతావక్కా. పూచీ నాది."

"ముందు బంతిని రెండు చేతుల్తో పట్టుకోవడం నేర్చుకో, మొద్దూ," అని అక్క చాలా రోజుల తర్వాత నవ్వింది.

మర్నాడు ఆట మొదలైన మూడో నిమిషంలోనే అవతలి జట్టు అమ్మాయి బంతిని బలంగా తన్నింది. బెంచీ కళ్లు మూసుకుని దూకింది. బంతి వచ్చి పొట్టకు తగిలి ఆగిపోయింది.

ప్రహరీ వైపు నుంచి ఒక్కసారిగా కేకలు! మైదానం దద్దరిల్లింది.

బెంచీకి ఒళ్లు ఝల్లుమంది. పెట్టెలోంచి వచ్చే కేకలని తెలుసు. తెలిసీ కాళ్లలో కొత్త బలం వచ్చింది. రెండో బంతి కళ్లు తెరిచే పట్టింది. మళ్లీ కేకలు, చప్పట్లు, ఈలలు కూడా.

"ఈలల బటన్ కూడా ఉందా సార్?" అని అరిచింది.

"ఉన్నట్టుంది! ఆట చూడు!" అని కోచ్ అరిచాడు.

రెండో సగంలో వెనక వరస అమ్మాయి ఒకతె, ఎప్పుడూ గోల్ కొట్టి ఎరగనిది, ఎలా తన్నిందో తనకే తెలియకుండా కొట్టేసింది. ఒకటి, సున్నా. ఆట ఇక రెండు నిమిషాలుందనగా అవతలివాళ్లకు పెనాల్టీ దక్కింది.

కేకలు ఆగిపోయాయి.

బెంచీ కుడివైపు దూకింది. బంతి వేళ్ల చివర తగిలి స్తంభం అవతలికి పోయింది. అప్పుడు లేచిన హోరు ఆట ముగిసినా తగ్గలేదు. పదకొండు మందీ ఒకరి మీద ఒకరు పడి దొర్లారు. దూరం పాటించమని గీసిన గీతలన్నీ వాళ్ల వీపుల కింద చెరిగిపోయాయి.

మట్టి చేతులతోనే బెంచీ అక్కకు ఫోన్ కలిపింది.

"గెలిచామక్కా!"

అవతల నుంచి గాలి లాంటి గొంతు వచ్చింది. "తెలుసే..."

"అదేంటి, మాట రావట్లేదేం? జ్వరమా?"

"ఏం లేదు. ఇక్కడ ఆరుగురికీ ఇంతే. వార్డెన్ వస్తోంది, పెట్టేస్తున్నా."

బెంచీ మొహం పాలిపోయింది. ఆరుగురికీ ఒకేసారి జబ్బు తిరగబెట్టిందా? మరి పన్నెండు రోజుల్లో ఎలా వస్తారు?

ఇంతలో గుమాస్తా సంచి చంకన పెట్టుకుని బిక్కమొహంతో వచ్చాడు. కోచ్ ఎదురెళ్లాడు.

"అదరగొట్టేశారు గుమాస్తా గారూ! ఎక్కడ నొక్కాలో అక్కడే నొక్కారు."

"నొక్కడానికైతే వేళ్లు వాచేదాకా నొక్కాను సార్. కేకలు వినపడుతుంటే అంతా సవ్యంగా ఉందనే అనుకున్నాను. ఇప్పుడు సర్దుతుంటే చూశాను. నిన్న మబ్బు పట్టిందని హారన్ తీగ ఊడదీసి దాచాను."

సంచిలోంచి చుట్ట చుట్టిన నల్లటి తీగ పైకి తీశాడు.

"ఇవాళ ఇది సంచి దాటనే లేదు సార్."