పద్నాలుగో నిమిషం

"నా పాఠం మూడొందలసార్లు చూశారటగా! ఆ లెక్క కాగితం మీద రాసివ్వండమ్మా, ప్రమోషన్‌కి పెట్టుకుంటాను" అన్నారు ఫిజిక్స్ మాస్టారు, యూనివర్సిటీ లైబ్రేరియన్ ఎదురుగా కాలు మీద కాలేసుకుని. ఇంట్లో రికార్డు చేసి లైబ్రరీ వీడియోల్లో పెట్టించిన గంట పాఠం అది. చెప్పిన పాఠం మళ్లీ చూసుకునే అలవాటు ఆయనకి లేదు.

లైబ్రేరియన్ నవ్వాపుకుంది. "ఇస్తాను సార్. కానీ అందరూ పద్నాలుగో నిమిషం ఒక్కటే చూశారు."

"అందులో ఏముంది?"

ఆవిడ వీడియో వేసింది. తెరమీద మాస్టారు వెనక ఏం జరుగుతోందో కూడా పట్టకుండా బోర్డు నిండా ఆవిరి పీడనం సమీకరణాలు రాస్తున్నారు. వెనకనుంచి గరిటెతో భార్య వచ్చింది.

"ఎందుకండీ పిల్లల్ని అలా చంపుకుతింటారు? మూత బిగిస్తే ఆవిరికి పోయే దారిలేక మూతనే తంతుంది. అంతేగా మీరు చెప్పేది?" అనేసి వెళ్లిపోయింది.

మాస్టారి మొహం కందగడ్డలా అయింది. "ఆ ముక్క కత్తిరించెయ్యండి!"

"కత్తిరిస్తే మీ మూడొందలూ పోతాయి సార్."

మాస్టారు ఆ నిమిషం మళ్లీ వేయించుకున్నారు. ఈసారి తనకు తెలియకుండానే తలూపారు. తర్వాత ఇంటికి ఫోన్ చేశారు.

"ఏమోయ్, రేపు రెండో పాఠం రికార్డింగ్. నువ్వే చెప్పాలి... నేనా? నేను బోర్డు తుడుస్తాను."