మామగారిచ్చిన వాచీ

మామగారు వస్తున్నారని తెలియగానే అల్లుడు చేతివాచీ వంక చూసి ఉలిక్కిపడ్డాడు. అంత ఖరీదైన వాచీ ఆయన ముచ్చటపడి ఇచ్చింది. ఏడాదిగా చేతి నుంచి తీసిందే లేదు. చైను సందుల్లో చెమటా మట్టీ కలిసి గట్టిపడ్డాయి.

“నేనిచ్చినదాన్ని చూసుకునే తీరు ఇదా అంటారు” అని గొణుక్కుంటూ చైను విడదీసి, గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టాడు. మెత్తని బ్రష్షుతో సందు సందూ తోమాడు. లోపలికి నీళ్లు పోతాయన్న భయంతో వాచీని మాత్రం తడిగుడ్డతో తుడిచి ఊరుకున్నాడు. గిన్నెలో నీళ్లు నల్లగా మారాయి. వాటిని సింకులో పారబోసి, చైను పొడిగుడ్డతో ఒత్తి, ఆరబెట్టి బిగించాడు. కొత్తదానిలా తళతళలాడింది.

మామగారు వస్తూనే అల్లుడి చెయ్యి పట్టుకున్నారు. కళ్లజోడు సవరించుకుని సందులన్నీ పరీక్షగా చూశారు. మొహం మాడిపోయింది.

“మొహమాటానికి తీసుకుని పెట్టెలో పడేశారన్నమాట. నేనొస్తున్నానని ఇవాళ బయటికి తీశారు.”

“అయ్యో మామయ్యగారూ! రోజూ ఇదే పెట్టుకుంటాను.”

“ఎందుకులే బాబూ, కళ్లకు కనిపిస్తూనే ఉందిగా. మా చిన్నల్లుడికీ ఇలాంటిదే ఇచ్చాను. వెళ్లి చూడండి, చైను నిండా మట్టే! అభిమానమంటే అదీ.”

అల్లుడు సింకు వైపు చూశాడు. ఏడాదిపాటు పోగుచేసుకున్న అభిమానమంతా పొద్దున్నే, చేజేతులా, అందులో పారబోశాడు.