పెండ గంప

పడావు పడ్డ ఎకరం చెల్కల, మందు బస్తా ముట్టకుంట వట్టి పెంట ఎరువుతోనే పంట తీస్తనని ఊరందరి ముందట మీసం తిప్పిన. ఇంట్ల దూడ గూడ లేదు. నోరున్నది.

"పెండ నువ్వు పెడుతవా?" అన్నది మా ఇంటిది కట్టమ్మ.

గప్పుడే తెలంగాణ కోసమని స్టేషన్ ఘన్‌పూర్‌ల రాస్తారోకో పెట్టిండ్రు. రోడ్డుకు అడ్డం పశువులను తోలిండ్రు. నేను గంప పట్టుకొని అందరికంటె ముందు ఉరికిన. పోలీసులొచ్చినా కదల్లే. గంప ఇంక నిండలే మరి. "పెద్దమనిషి గుండె చూడుండ్రి" అని నా మెడల దండేసిండ్రు. వద్దనలే.

ఇగ ఏ రాస్తారోకో ఇడిసిపెట్టలే. చెల్కల పెంటకుప్ప నా అంత ఎత్తు లేసింది.

మొన్న పొద్దుగాల గంప తీస్తుంటె కట్టమ్మ అడ్డమొచ్చింది. "ఇయ్యాల పశువులను తేవద్దన్నరట. వట్టి మనుషులే. లాఠీలు లేస్తయంటున్నరు. ఆడ నీకేం పని?"

అయినా పోయిన. నడిరోడ్డు మీద గంప బోర్లిచ్చి దాని మీద కూసున్న.

జరసేపటికి ఎనక నుంచి కట్టమ్మ గొంతు ఇనబడ్డది.

"జర జరుగు."