నడవని తోడేలు

మామిడిపల్లిలోని కిరాయి గదిలో ఎజ్రా కోపంతో ఉడికిపోతున్నాడు. తన కంప్యూటర్ ఆటలో పెట్టుకోమని చిన్నాన్న కూతురు షెకీనా మోడ్‌గా, అంటే ఆటకు అదనంగా చేర్చే ఫైలుగా, తయారుచేసి పంపిన తోడేలు నడవడం లేదు. కాళ్లు బిగుసుకుపోయి నేలమీద జారుతోంది.

ఫోన్ చేసి అరిచాడు. "ఏంది గిది? రాత్రంత ఇదే పరేషాన్! ఎంత సరిజేసినా గట్లనే జారుతున్నది."

"ఆ మోడ్ తీసెయ్ అన్నా. పొద్దుగాల నేను చూస్త."

ఫోన్ పెట్టేయకుండానే విసురుగా మోడ్ తీసేసి ఆట మళ్లీ తెరిచాడు. తోడేలు పోలేదు. ఇప్పుడు చక్కగా అడుగులు వేస్తూ నేరుగా అతనివైపే వస్తోంది.

"నన్నే ఎక్కిరిస్తున్నవా!" అంటూ ప్లగ్గు పీకేశాడు. తెర నల్లబడింది. పైనుంచి పోతున్న విమానం మోత కూడా దూరమై, గదిలో ఏ చప్పుడూ లేకుండా పోయింది.

"ఇంకా బంద్ చెయ్యలేదా అన్నా?" షెకీనా విసుక్కుంది. "దాని అడుగుల సప్పుడు వినవడుతున్నది." అంతలోనే గొంతు తగ్గించింది. "నేనైతే దానికి సప్పుడే పెట్టలే."