ముందు చోటు

వలస వెళ్లేటప్పుడు గూడబాతుల గుంపుకి ముందుండి గాలిని చీల్చే పక్షి ఒక్కటే ఉంటుంది. ఈ ఏడు ఆ ఒక్క చోటు కోసం అరవై పక్షులు చెరువు గట్టున బారులు తీరాయి. అందరికన్నా వెనక చుక్కమ్మ నిలబడింది. నాలుగు విడతల గుడ్లు పొదిగి, పిల్లలకు ఎగరడం నేర్పి వచ్చేసరికి ఆమె ఈడు కాస్తా దాటిపోయింది.

"పిన్నీ, నువ్వు కూడానా!" అంది ముందున్న పడుచు పక్షి. చుక్కమ్మ కాలు మార్చి నిలబడింది. పొద్దుట్నుంచీ నిలబడి కాళ్లు పీకుతున్నాయి.

చివరికి వంతు వచ్చింది. ఆ చోటుకి పెట్టిన పరీక్ష ప్రకారం ఒక చేపను నోటి సంచిలో పట్టుకుని చెరువు చుట్టూ మూడు చుట్లు తిరిగింది. దాన్ని మింగకుండా, ప్రాణం పోకుండా తెచ్చి, పరీక్ష పెడుతున్న గుంపు పెద్దాయన ముందు పెట్టింది. ఆ రోజు అలా తెచ్చింది ఆమె ఒక్కతే.

పెద్దాయన చేపను చూడలేదు. ఆమె రెక్కల్లో ఈకలు ఊడిన చోట్లని చూశాడు.

"బాగానే ఎగిరావమ్మా. ఇంకెన్నేళ్లు ఎగరగలవు?"

"ప్రయాణం ఎన్ని రోజులండీ?"

"పదకొండు."

"మరి ఏళ్లెందుకు అడుగుతారు?"

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే ఏడు రామ్మా, చూద్దాం."

వచ్చే ఏటికి తన ఈడు తగ్గుతుంది కాబోలు అనుకుని, చుక్కమ్మ ఆ చేపను మింగేసింది.