కారం దరువు

సత్తెనపల్లి మొత్తానికి జాజ్ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటూ, క్వారంటైన్ గదిలో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆన్‌లైన్ కచేరీకి కూర్చున్నాను. పియానో ఏమీ అర్థం కాలేదు. తల మాత్రం బాగా ఊపాను.

కిటికీ అవతల మా ఆవిడ తిరుపతమ్మ కారం దంచుతోంది.

"ఆపవే! సంగీతం వింటున్నా!" అని కసిరాను.

రోకలి ఆగింది. ఫోన్లో పియానో కూడా ఆగింది.

"సార్, మీ వైపు నుంచి దరువు భలే వస్తోంది. ఎవరు వాయిస్తున్నారు?" అని అడిగాడు పియానో ఆయన. నేను మైక్ ఆపడం మరిచిపోయాను.

"నేనేనండీ," అన్నాను.

"అయితే వచ్చే ఆదివారం మాతో కలిసి వాయించాలి."

క్వారంటైన్ ముగిసింది. రోటి ముందు చెమటలు కక్కుతున్నాను.

"సాధన ఆపమాకయ్యా," అంటూ తిరుపతమ్మ ఇంకో గంపెడు ఎండుమిరపకాయలు దించింది. "ఇయ్యి పక్కింటోళ్లయి."