కోడికాలు గుర్తు

ఉప్పుకారం పూసిన జామముక్క ఒకటి వాసుదేవ ఫోను మీద పడింది.

“కండ్లు యాడ పెట్టుకున్నావు పెద్దాయనా?” కసిరాడు వాసుదేవ.

“నీ ఫోన్లోనే తంబీ,” అన్నాడు జామకాయల ముసలాయన. “ఆ ట్యాంకును చూస్తా వుంటే చెయ్యి జారింది.”

తిరుత్తణి నుంచి వచ్చే పొద్దుటి లోకల్ రైలు అది. రోజూ తిరువళ్ళూరులో ఎక్కే వాసుదేవకు ముసలాయన ఆరు నెలలుగా తెలుసు. అంటే, ఆయన గంప తెలుసు. ఆయన కోసిచ్చే కాయ రుచి తెలుసు.

ఫోనులో ఆడే ట్యాంకుల ఆటకు వార్తలు రాయడం వాసుదేవ ఉద్యోగం. కొత్త బండి వచ్చినప్పుడల్లా దాని చరిత్ర కూడా రాయాలి. ఎక్కడ పుట్టింది, ఏ యుద్ధం చూసింది, లోపల ఎందరు కూర్చుంటారు.

ఆడేవాళ్ళలో రిటైరైన సిపాయిలూ ఉన్నారు. తప్పు దొరికితే వదలరు. పోయిన నెల రెండు దొరికాయి.

“ఇంకొకటి పడితే వేరే మనిషిని చూసుకుంటాం,” అని కంపెనీ మేడమ్ తేల్చి చెప్పింది.

ఈసారి ఆటలోకి వచ్చేది ఆవడిలో, ట్యాంకులు తయారుచేసే ఫ్యాక్టరీ దగ్గర రోడ్డు పక్కన నిలబెట్టిన పాత ట్యాంకు. ఫొటోలు తీసి ఉన్నదున్నట్టు దించారు, ఇనప పలకల అతుకు పక్కన ఉలితో కొట్టిన చిన్న బాణం గుర్తుతో సహా.

అలాంటి బాణం ఇంగ్లండు సర్కారు ఆస్తి గుర్తని వాసుదేవ ఎక్కడో చదివాడు. ఈ బండి ఇంగ్లండులో తయారై ఓడలో వచ్చిందని రాసేశాడు. మధ్యాహ్నానికి పంపాలి.

ముసలాయన తన తుండుతో ఫోను తుడిచి ఇచ్చాడు.

“ఏమని రాసినావు తంబీ?”

తమిళంలో రాసిందాన్ని వాసుదేవ తెలుగులో చెప్పాడు.

ముసలాయన నవ్వాడు. “అది బాణం కాదు. కోడికాలు.”

“కోడికాలా?”

“అతుకు వేసినోడు పక్కనే వాని గుర్తు కొట్టాల. రేపు అతుకు విడిస్తే ఎవునిదో తెలియాల గదా. ఒకనిది చుక్క, ఒకనిది గీత. వీనిది కోడికాలు. దొరల బాణమైతే మూడు గీతలూ సమంగా వుంటాయి. దీని ఎడమ వేలు చూడు.”

వాసుదేవ ఫొటో పెద్దది చేశాడు. ఎడమ వేలు పొట్టిగా ఉంది.

“ఎందుకట్లా?”

“అన్నం బెల్లు కొట్టుంటారు. ఆకలికి సుత్తి జారుంటాది.”

ఎదుటి సీటువాళ్ళు నవ్వారు.

“ముందు కొన్ని ఆ దేశం నుంచే వచ్చినాయి, నిజమే. ఇది మాత్రం మన ఆవడిలో పుట్టింది.”

“నీకెట్లా తెలుసు?”

“ముప్పై ఏండ్లు ఆ ఫ్యాక్టరీ గేటు కాడికి పోయినా.”

“జామకాయలు అమ్ముకుంటానే ఇంత కనిపెట్టినావే! పెద్ద ఇంజనీరువే!”

ముసలాయన పొట్టి కత్తి పిడి మీద బొటనవేలు ఆనించి ఇంకో కాయను నాలుగు చీలికలు చేశాడు.

“ఇది ఊరికే. పడేసిన ముక్కకు బదులు.”

తిరునిన్రవూరులో గంప ఎత్తుకుని దిగిపోయాడు.

వాసుదేవ నమ్మలేదు. నమ్మకుండా ఉండడానికీ ధైర్యం చాలలేదు. బండి నంబరు పాత పట్టికల్లో చూడమని కంపెనీకి ఫోను చేశాడు.

సాయంత్రం మేడమ్ పలికింది. “ఆవడి బండే వాసుదేవా. మొదట రాసింది బయటికి పోయుంటే నీ ఉద్యోగం నిలబెట్టడం నా వల్ల అయ్యేది కాదు. ఎవరు చెప్పారు? కింద పేరు వేసి థాంక్స్ చెబుదాం.”

వాసుదేవ నోరు తెరిచాడు. పేరు రాలేదు.

ఆరు నెలలు ఆయన చేతి కాయ తిన్నాడు. ఒక్కనాడూ అడగలేదు.

మరునాడు ముసలాయన రాలేదు. ఆ మరునాడూ రాలేదు. వాసుదేవ కొత్త తుండు ఒకటి కొని సంచిలో పెట్టుకుని రెండు వారాలు తిరిగాడు. ఆదివారం తిరుత్తణికే పోయాడు.

ప్లాట్‌ఫాం మీద అదే గంప. గంప వెనక ఒక ముసలమ్మ.

“అమ్మా, ఈ గంప తాత యాడ?”

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. “కసురుకునే ఫోను తంబివా?”

“నేనేనమ్మా.”

“మా ఆయన లేడు నాయనా. నీ సంగతి చెప్పిన పొద్దే, అన్నం తిని పండుకున్నాడు. తెల్లారి లేవలేదు.”

వాసుదేవ తుండు బయటికి తీసి, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు.

“ఆ పొద్దు నవ్వుకుంటానే ఇంటికొచ్చినాడు. ‘తిరుమలా, కోడి ఫోన్లోకి ఎక్కింది, ఇంక పిల్లకాయలు దాన్ని ఊరూరా తోలతారు’ అన్నాడు. మాకు కోళ్ళే లేవు గదా! నాకేమీ అర్థం కాలేదు. అట్లా నవ్వింది చూసి శానా ఏండ్లాయె. నీకు పుణ్యముంటాది.”

“పుణ్యం ఆయనదమ్మా. నా కూడు నిలబెట్టినాడు. పేరేమి ఆయనది?”

“ఎలుమలై.”

వాసుదేవ ఫోనులో రాసుకున్నాడు. తప్పు లేదు కదా అని రెండుసార్లు చూసుకున్నాడు. తుండు మడత విప్పి గంప మీద కప్పాడు.

“ఊరికే పోబాకు, ఒక కాయ తిను,” అంటూ తిరుమలమ్మ కోయడం మొదలుపెట్టింది. “ఈ కత్తి ఆయన చేసుకున్నదే. నా చేతికింకా అలవాటు కాలేదు.”

నాలుగు చీలికలు చేసి, ఉప్పుకారం కోసమని కత్తి పక్కన పెట్టింది.

ఇనప పిడి మీద, రోజూ ఆయన బొటనవేలు ఆనే చోట, ఎడమ వేలు పొట్టిగా ఉన్న కోడికాలు ఉంది.